దాన్ని ఏప్రిల్ పన్నెండు అంటారు

వారానికొక రోజు మా గల్లీలో మగ్గాలకు సెలవు. ఆ రోజు మా పేట పర్వత్ పాటియాకు చెవుడు వచ్చినట్టుంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఖటఖటలోనే వండాను, నిద్రపోయాను, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఈసారి ఆ సెలవు ఏప్రిల్ పన్నెండున పడింది.

పదహారేళ్ళ కింద పల్సానా దారిలో ఒక మగ్గాల కార్ఖానా అంటుకుని ఆరుగురు కాలిపోయారు. అంతా కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మావాళ్ళే. దాన్ని ఎవరూ మంటలు అనరు. ఏప్రిల్ పన్నెండు అంటారు. కార్ఖానా సేఠ్ కూడా అంతే. మంటలు అంటే, వాళ్ళు బయటికి ఎందుకు రాలేదని అడుగుతారు. తారీఖును ఎవరేం అడుగుతారు?

అడిగితే చెప్పవలసింది నేను. మా ఆయన నాగభూషణం అక్కడ వాచ్‌మన్. తానులు మాయమవుతున్నాయని సేఠ్ చెబితే, బయటి నుంచి ఇనుప ఊచల జాలీ తలుపుకు తాళం వేసేవాడు. ఆ రోజు కూడా వేసి, చాబీ జేబులో పెట్టుకుని చాయ్ తాగడానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి ఇనుము ఎర్రగా ఉంది. తాళాన్ని సేఠ్ మాయం చేశాడు. చాబీ మా ఇంటికి వచ్చింది. ఆ ఏడాదే మా ఆయన పోయాక దాన్ని నేనే దాచాను.

ఎక్కడ దాచానో గుర్తులేదు. బియ్యం డబ్బా, పరుపు కింద, దేవుడి పటాల వెనక... అన్నీ వెతికాను. నేను కూడా మరచిపోతే, ఆ తలుపుకు తాళం ఉండేదని చెప్పేవాళ్ళు ఇంకెవరూ ఉండరు. ఈ ఏడు సారక్కకు చెప్పేయాలనుకున్నాను. ఆరుగురిలో ఒకడైన పరమేశ్ ఆమె మొగుడు. ఏటా ఆ రోజు నా దగ్గరికే వచ్చి కూర్చుంటుంది.

"భూదేవక్కా, గా గోడ నీళ్ళోసుకున్నట్టున్నదే!" అంది రాగానే, క్యాలెండర్లను చూసి. "ఒకే మొలకు ఎన్నేండ్లయి తగిలిస్తవు?"

"ఉండనియ్యి. మర్చిపోకుంట ఉంటది."

"మొన్న నాకు ఉప్పుతోటి చాయ్ పోసినవు. నువ్వు మర్చిపోయినవు గని నా నాలుక మర్వలే. పాలు లేవా? ఉండు, నేనే తెస్త."

సారక్క వెళ్ళింది. గడియారం రెండూ పది.

దూరంగా ఒక మగ్గం నడవడం మొదలైంది. కరెంటు లేదు. ఫ్యాను ఆగే ఉంది. అయినా... ఖట్. ఖట్. ఖట్. గంజి వాసన. నూనె వాసన. తరువాత కాలుతున్న నూలు వాసన.

మగ్గం ఆగింది.

"పెద్దమ్మా... జర జాలీ తియ్యి."

గుసగుస. చాలా దగ్గరగా.

లేచి తలుపు దగ్గరికి పోయాను. గల్లీలో ఎవరూ లేరు. కానీ నా జాలీ తలుపుకు బయట ఒక తాళం వేలాడుతోంది. నల్లగా. కాలినట్టు.

"ఎవరు బిడ్డా?"

"చాబీ పెద్దబాపు జేబుల ఉన్నది... జల్ది..."

"పెద్దబాపు లేడు. అది... ఏప్రిల్ పన్నెండు..."

"తారీఖు వద్దు. చాబీ."

క్యాలెండర్లు పీకాను. ఒకటి. రెండు. ప్రతి దానిలో పన్నెండు చుట్టూ నా గుండ్రటి గీత. పది... పదిహేను... పదహారు. వట్టి మొల. దానికి చాబీ.

నేనే పెట్టాను. ఏటా దాని మీద ఒక తారీఖు కప్పుతూ వచ్చాను.

ఊచల్లోంచి చెయ్యి పెట్టి తిప్పాను. తాళం ఊడింది. కింద పడిన చప్పుడు లేదు. తలుపు తెరిచి చూస్తే తాళమూ లేదు.

పాల ప్యాకెట్‌తో సారక్క నిలబడి ఉంది.

"ఏందక్కా, గిట్ల చెమట్లు? చేతుల ఏంది?"

పిడికిట్లో చాబీ కాలుతోంది. నోరు తెరిచాను. ఆమె నా వైపే చూస్తోంది.

"ఏం లేదు. ఇయ్యాల ఏప్రిల్ పన్నెండు గద..."

"అవునక్కా," అంటూ నా భుజం నిమిరి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

ఇప్పుడు అంతా రాసి పెడుతున్నాను, మరచిపోకముందే. సారక్కకు చదువు రాదు. అందుకే ఇంత ధైర్యం.

ఆమె వెళ్ళాక జాలీ వేయబోతే మసి అంటింది. ఊచల మీద చేతుల ముద్రలు. పన్నెండు చేతులు. బయట కాదు, లోపలివైపు.

తడిగుడ్డతో ఒక్కటి మిగలకుండా తుడిచాను. ఇంకో ఏడాది దాకా రావులే అనుకున్నాను.

పొద్దున్నే మళ్ళీ ఉన్నాయి. పదమూడో తారీఖున.