అన్నానికి పిలిచాను

కలకత్తాలో నాకు మొదటి కోపం భోజనాల దగ్గర వచ్చింది.

మాది పలాస. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో సీటొచ్చిందని చెబితే నాన్న అరగంట ఆలోచించాడు. "సరే, వెళ్ళు. కానీ ఒళ్ళు పాడైందని తెలిసిన రోజు పుస్తకాలు సర్దుకుని వచ్చెయ్యాలి" అన్నాడు. తలూపి రైలెక్కాను. ముందు తలూపేసి తర్వాత ఏడవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే.

శ్యామ్‌బజార్ వెనక ఒక సందులో ఆడపిల్లల మెస్సు. మూడంతస్తుల పాతిల్లు, ఆకుపచ్చ చెక్క కిటికీలు, మెట్లమీద ఎప్పటికీ ఆరని తడి. పొద్దున్న ఎనిమిదింటికల్లా వంటచేసే పుతుల్ మాషికి ఆ పూట మీల్ కావాలో వద్దో చెప్పాలి. చెప్పకపోతే అన్నం ఉండదు. వంటింటి పక్కన భోజనాల గది. అందులో పొడుగాటి బల్లను గోడకు ఆనించి, ఒకవైపే బెంచీ వేశారు. కూర్చుంటే గుమ్మం మన వీపు వెనక ఉంటుంది. పన్నెండుమందిమి వరసగా కూర్చుని గోడను చూస్తూ తినేవాళ్ళం. వెనక ఎవరి అడుగులు వినబడినా ఒక్కరూ తల తిప్పేవాళ్ళు కాదు. "తిన్నావా?" అని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు.

మా ఇంట్లో ఇది పెద్ద తప్పు. కంచం ముందు కూర్చున్నాక గుమ్మంలోకి ఎవరొచ్చినా రమ్మనాలి. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన అబ్బాయిని కూడా మా అమ్మ "రా బాబూ, ఇంత తిని వెళ్ళు" అంటుంది. అతను తినడు, ఈవిడా పెట్టదు. ఆ మాట మాత్రం అనాలి. ఇక్కడ ఆ మాటకే కరువొచ్చింది. వీళ్ళ పిసినారితనం తగలెయ్య అని రోజూ లోపల్లోపలే తిట్టుకునేదాన్ని.

ఊళ్ళో నాకు ఒక్కరే చుట్టాలు. వాట్‌గంజ్‌లో మా తవిటమ్మ పిన్ని. చిన్నాన్న కూర్మయ్య ముప్పయ్యేళ్ళుగా ఓడరేవు డాక్‌లో పనిచేస్తున్నాడు. "మా కాడే ఉండి సదువుకోవే" అని పిన్ని ఎంత బతిమాలినా, కాలేజీ దూరమని నేనే ఒప్పుకోలేదు. నిజానికి ఒక్క గది ఇల్లు కదా అని నామోషీ. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సెప్టెంబరులో ఒక ఆదివారం. శనివారం సాయంత్రమే పిల్లలందరూ లోకల్ రైళ్ళెక్కి ఇళ్ళకు పోయారు. మాషి అన్నం, చేపల కూర వండి మూతపెట్టి అప్పుడే వెళ్ళిపోయింది. బయట ముసురు. మధ్యాహ్నం రెండింటికే గదిలో దీపాలు పెట్టే వేళలా ఉంది. ఆవనూనె వాసన, తడి గోడల వాసన. ఇంట్లో నేనొక్కదాన్నే. ఎవరూ లేరు కదా, ఈ పూటైనా మనిషిలా తిందామనుకుని, వంటింట్లోంచి స్టూలు తెచ్చి బల్ల చివర గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ తలెత్తాను.

గుమ్మంలో ఒక అమ్మాయి.

నా ఈడుదే. నీలం నైటీ, భుజాలమీద చిక్కుపడ్డ జుట్టు. గడ్డం కిందకి లాగిన మాస్కు, ఉతికి ఉతికి రంగు వెలిసింది. పైగదిలో ఎవరో జ్వరంతో ఊరెళ్ళలేదేమో అనుకున్నాను. నన్ను చూడ్డంలేదు. కంచాన్ని చూస్తోంది.

నాకు వచ్చిన నాలుగు ముక్కల బెంగాలీలో "ఎషో, భాత్ ఖాబే?" అన్నాను. ఏడు వారాల తర్వాత ఒక మనిషిని అన్నానికి పిలవగలిగాను. ఆ సంతోషంలో తెలుగు కూడా వచ్చేసింది. "రా, తిందాం."

వచ్చింది. బెంచీమీద కూర్చుంది. బెంచీ చప్పుడు చెయ్యలేదు. నా అన్నంలో సగం, చేప ముక్కా ఇంకో కంచంలో పెట్టి ఆమె ముందుకు జరిపాను. ముట్టుకోలేదు. వంగి, నా కంచంలోకే చూస్తోంది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చప్పగా... చల్లగా... నానిన కాగితంలా ఉంది. పొగలొస్తున్న అన్నం అంతలోనే ఎలా చల్లారిందో అర్థంకాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆమె లేదు. నేను పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది.

ఆ సాయంత్రం నాలుగింటికి ఆకలేసింది. బొరుగుల పొట్లం తిన్నాను. ఐదింటికి మళ్ళీ ఆకలి.

ఆరోజునుంచి నేను ఎక్కడ తిన్నా ఆమె ఎదురుగా ఉండేది. మెస్సులో బల్ల చివర. కాలేజీ క్యాంటీన్‌లో ఎదుటి కుర్చీలో. క్యాంటీన్‌లో అందరూ ఫోన్లు చూసుకుంటూ తింటారు, తలెత్తేవాళ్ళే లేరు. నేను నమిలేది నేనే, మింగేది నేనే. కడుపులోకి మాత్రం ఏమీ చేరేది కాదు. దుర్గాపూజ నాటికి తొమ్మిది కిలోలు తగ్గాను. డాక్టరు రక్తం తీయించి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. అమ్మ వీడియో కాల్ చేస్తే మెడ కనబడకుండా ఫోను పైకెత్తి పట్టుకునేదాన్ని. ఆ మెడను నాన్న చూస్తే నా చదువు ఆ రోజుతో సరి.

ఒక పొద్దున్న మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే పుతుల్ మాషి గరిటె కింద పెట్టేసింది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అప్పటికి ఆమె బెంగాలీ నాకు బాగానే తెలుస్తోంది.

"ఎవరినైనా అన్నానికి పిలిచావా?" అంది మెల్లగా.

తలూపాను. ఆమె నుదురు కొట్టుకుంది.

"నీకు చెప్పాలనే తోచలేదు తల్లీ. ముక్కూ మొహం తెలీని మనిషిని కంచం దగ్గరికి ఎవరు పిలుస్తారనుకున్నాను..."

"ఎవరామె?"

"త్రిపుర నుంచి వచ్చి చదువుకునేది. కరోనాకి ఊరంతా మూసేశారు చూడు, అప్పుడు అందరూ వెళ్ళిపోయారు. ఆ పిల్లకి బండి దొరకలేదు. నన్నూ రానివ్వలేదు. జ్వరంతో పైన ఒక్కత్తే. అప్పటి ఇంటివాళ్ళు ఈ గదిలోనే తినేవాళ్ళు. రోజూ దిగొచ్చి ఆ గుమ్మంలో నిలబడేదట. అంటుకుంటుందని ఒక్కరూ రమ్మనలేదు." మాషి గొంతు ఇంకా తగ్గింది. "పదిరోజులు నిలబడింది. పదకొండో రోజు దిగలేదు."

"పొమ్మంటే పోదా?"

"పిలిచినవాళ్ళు పొమ్మంటే పోదు. నీతో కూర్చుని, తలెత్తి చూసినవాళ్ళకి ఆమె కనబడుతుంది. వాళ్ళు రమ్మంటే, ఇంక వాళ్ళదే."

"అయితే నువ్వు పిలు మాషీ."

మాషి గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నాకు ముగ్గురు మనవలున్నారు" అని, నా కంచంలో ఇంకో చేప ముక్క వేసి, తల తిప్పకుండా వెళ్ళిపోయింది. ఆమెమీద నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

అన్నీ వదిలేసి ఇంటికి పోదామనుకున్నాను. బ్యాగు కూడా సర్దాను. కానీ పలాసలో నాకెదురుగా కూర్చుని తినేది మా అమ్మ. తలెత్తిందంటే మొదటిమాట "రా తల్లీ, నువ్వూ కూర్చో" అనే అంటుంది. బ్యాగులోంచి బట్టలన్నీ తీసి మళ్ళీ మేకులకు తగిలించాను. వాట్‌గంజ్ వెళ్ళడమూ మానేశాను. పిన్ని ఫోన్లు ఎత్తలేదు.

అందుకే పిన్నే వచ్చేసింది. డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. రెండు బస్సులు మారి, నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని.

"ఫోనెత్తవేటే? బతికున్నావో నేదో తెలాలి కదా!" అంటూనే నన్ను చూసి ఆగిపోయింది. "ఓలమ్మ... ఇలా సిక్కిపోనావేటే నా తల్లీ!"

బుగ్గలు పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆకలిగా లేదు, తర్వాత తింటాను, నువ్వెళ్ళు పిన్నీ అన్నాను. వింటేనా! భోజనాల గదిలోకి లాక్కుపోయింది. బల్లను గోడ దగ్గర్నుంచి బరబర ఇవతలకు లాగేసింది. "గోడకేసి కూకొని తింటారేటి, అలిగిన పిల్లల్లాగ!" అని అటువైపు, గుమ్మానికి ఎదురుగా స్టూలు వేసుకుని తాను కూర్చుంది. వేడన్నం, చేపల పులుసు వడ్డించి, తన కంచంలోనూ రెండు ముద్దలు పెట్టుకుంది.

"తిను."

నేను గుమ్మంవైపు చూడలేదు. చూడక్కర్లేదు. వీపుమీద చల్లగా తెలుస్తూనే ఉంది.

పిన్ని ముద్ద కలుపుతోంది. చింతపండు పులుసు వాసన. ఎక్కడో ట్రాము గంట. పిన్ని చెయ్యి ఆగింది... తలెత్తింది. నా భుజం మీదుగా, నా వెనక్కి చూస్తోంది. మొహం మెత్తబడిపోయింది. మా అమ్మ మొహంలాగే.

నాకు తెలుసు ఏమంటుందో. "పిన్నీ వద్దు" అంటే చాలు. మూడు ముక్కలు కూడా కాదు. నోట్లో ముద్ద ఉంది. ఉమ్మేసైనా అనొచ్చు.

పరీక్షలు పదిరోజుల్లో ఉన్నాయి. ఆకలి... ఆకలి... మూడు నెలల ఆకలి.

తల దించుకున్నాను.

"అక్కడ నిలబడిపోనావేటమ్మా?" అంది పిన్ని. "రా, నువ్వూ ఇంత తిను."

నా పక్కనుంచి చల్లదనం దాటిపోయింది. నోట్లో ముద్ద వెచ్చబడింది. పులుపు తెలిసింది, కారం తెలిసింది. మింగాను. కడుపులో పడింది. ఏడుస్తూనే కంచం మొత్తం ఊడ్చేశాను. మా ఊరి పులుసుకి ఏడుస్తున్నాననుకుని పిన్ని నా తల నిమిరింది.

పరీక్షలు బాగా రాశాను. బుగ్గలొచ్చాయి. వీడియో కాల్‌లో నాన్న "కలకత్తా నీళ్ళు పడ్డాయి" అని నవ్వాడు. జనవరిలో చిన్నాన్న ఫోన్ చేశాడు. "మీ పిన్ని ఎంత తిన్నా ఆకలే అంటందమ్మా. ఆస్పత్రిలో ఏటీ లేదంటన్నారు. ఓపాలి వచ్చి సూడవా?" వస్తానన్నాను. ప్రాక్టికల్స్ అన్నాను. ప్రాజెక్టు అన్నాను. నేనెంత నీచురాలినో అప్పుడే నాకు పూర్తిగా తెలిసింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, ఇంక తప్పించుకోలేక వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిన్ని మంచంమీద ఉంది. దుప్పటి కింద మనిషి ఉందంటే నమ్మలేం. మొహంలో కళ్ళే మిగిలాయి.

"వచ్చినావే... ముందు తినే. ఎప్పుడనగా బయల్దేరినావో."

నేలమీద కంచం వేసి ఉంది. పొగలు కక్కే అన్నం, పప్పు, వేయించిన వంకాయ, గ్లాసుతో నీళ్ళు. ఆమె ముందు ఏడవలేక, కాదనలేక కూర్చుని తిన్నాను. కంచం కడిగి మూలన బోర్లించి, మంచం పక్కన కూలబడ్డాను.

"పిన్నీ... ఆరోజు నాకు తెలుసు."

"నాకూ తెలుసులేయే" అంది. గొంతు గాలిలా వస్తోంది. "నువ్వు తల దించేసినావు. సూసినాను. అప్పటికే మాట నోటెంట వచ్చేస్తంది. పోన్లే, సదువుకో."

ఆమె పాదాలు పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలీదు. "నేనే మళ్ళీ పిలుస్తాను. నాతో తీసుకుపోతాను. ఎక్కడుందామె?"

"ఇదిగో, నా మంచం కాడే. పాపం, అది పిల్ల. దాంతో నాకు బయ్యం నేదే." పిన్ని కళ్ళు వంటింటివైపు తిరిగాయి. "దాని ఎనకాల ఒకామె వస్తాది. పెద్దామె, దాన్ని కన్నతల్లిలాగుంటాది. ఆమెని నేను పిలవలేదు... ఎవులూ పిలవలేదు..."

"చిన్నాన్న ఏడీ?"

"నిన్న పొద్దున్న డూటీకెల్లి ఇంకా రానేదు."

"మరి... ఈ వంట ఎవరు చేశారు పిన్నీ?"

పిన్ని కళ్ళు మూసుకుంది.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. సిలిండరు ఊపి చూశాను, ఖాళీ. గిన్నెలన్నీ అరమీద బోర్లించి ఉన్నాయి. వాటిమీద దుమ్ము. అన్నం వార్చిన వాసన లేదు, వంకాయ వేయించిన వాసన లేదు. నా కడుపు మాత్రం నిండుగా ఉంది.

వెనక్కి తిరిగాను.

నేను కడిగి బోర్లించిన కంచం గది మధ్యలో ఉంది. నిండా అన్నం. పొగలొస్తున్నాయి. పిన్ని గోడవైపు తిరిగి పడుకుని ఉంది, కదల్లేదు.

దగ్గరికెళ్ళి చూశాను. అన్నంలో ఒక పక్క పప్పు కలిపి ఉంది. కంచం అంచున, నావైపుకి, చంటిపిల్లకి పెట్టడానికి చేసినట్టు, చిన్న ముద్ద చేసి పెట్టి ఉంది.