టెంకల దిబ్బ కాడ ఊపిరి దీపం

బంగారుపాళ్యం దాటినాక హైవే వదిలి ఎడమచేతికి మట్టిదోవ ఒకటి పోతాది. ఆ దోవలో మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, దాని ఎనకాల టెంకల దిబ్బ. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ టెంకలన్నీ ఆడనే పోసినారు. ఆ దిబ్బ పక్కన ఒంటి ఇల్లు. ఆ ఇంటికి పేరు మంచిది కాదబ్బా. పొద్దుగుంకితే పాలోళ్లు కూడా అటు పోరు, మైలు దూరం చుట్టు తిరిగినా సరే.

ఎందుకంటే... ఆ ఇంటి కిటికీలో ఒక దీపం ఊపిరి తీస్తాది.

నవ్వద్దండి. నేనూ నవ్వినోణ్ణే. పచ్చగా, మిణుగురు పురుగంత దీపం. మెల్లగా ఎలుగుతాది... మెల్లగా ఆరతాది... మళ్లా ఎలుగుతాది. అచ్చం నిద్రపోయే మనిషి రొమ్ము లేచి పడినట్టు. ఊరంతా కరెంటు పోయి చీకటి గుయ్యారంగా ఉన్నప్పుడు కూడా ఆ దీపం ఆగేది కాదు. మామిడికాయల లారీ డ్రైవర్ శాంతయ్య ఒకతూరి చూసి, దిగి ఒంటేలు పోయాలనుకున్నోడు, పోయకుండానే బండి ఎక్కేసినాడంట.

ఆ ఇంట్లో చచ్చిపోయిన ఆడమనిషి ఊపిరి అది అని ఊళ్లో మాట. ఇది రెండువేల ఎనిమిదిలో సంగతి.

చిత్తూరు బస్టాండు కాడ నాది జిరాక్సు అంగడి. పక్కనే లోకేష్‌ది కంప్యూటర్లు బాగుచేసే అంగడి. వాడు నా దగ్గర చెప్పింది చెప్పినట్టు చెప్తాండా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. అంత బరువు నేనొక్కణ్ణే ఎట్లా మొయ్యల్ల, మీరే చెప్పండి?

జూన్ నెలలో ఒక సాయంత్రం యోగానంద సార్ లోకేష్ అంగడికి వచ్చినాడు. బంగారుపాళ్యం హైస్కూల్లో లెక్కల సారు. మనిషి ఎండిపోయినాడు, చొక్కాకి పైగుండీ లేదు.

"ల్యాప్‌టాప్ చూడల్లప్పా."

"యాడ సార్, తెచ్చినారా?"

"తేలేను... అది నిద్రపోతాండాది."

లోకేష్‌కి ఒళ్లు జలదరించిందంట, ఆ మాట అన్న తీరుకి. ఆ ఇల్లు ఈయనదేనని అప్పటికి వాడికి తెలీదు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెల్లగా కత లాగినాడు.

సార్ పెండ్లాం ప్రసన్నకుమారి. గొంతులో గడ్డ లేచి, ఆపరేషన్ చేసి గొంతు తీసేసినారు. మాట పోయింది. బిడ్డలు లేరు, ఇంట్లో అత్త, అంటే సార్ వాళ్లమ్మ, వరదమ్మ ఒకతే. పెండ్లాం మాట్లాడల్లని సార్ పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనిచ్చినాడు. ఆయమ్మ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేది. 'అన్నం మెత్తగా వండు అత్తా', 'కాళ్లు లాగతాండాయి'. అత్తకు సదువు రాదు గాబట్టి సార్ పక్కన కూర్చొని పైకి చదివేవాడు. అట్లా ఆ ఇంట్లో మాటలు జరిగేవి.

ఆ మిషన్‌కి ఒక రోగం. మూత మూస్తే నిద్రపోతాది, అది అన్ని మిషన్లకీ ఉండేదే. మళ్లా తెరిస్తే మాత్రం లేవదు. తెర నీలమైపోతాది, తెల్ల అక్షరాలు పరిగెత్తుతాయి, తన్నుకొని చస్తాది. ఆర్పి ఎలిగించల్ల. అంతవరకు కొట్టి దాచకుండా ఉన్నదంతా గాల్లో కలిసిపోతాది. అందుకని ఆ ఇంట్లో ఒకటే కట్టు: మూత ముయ్యకూడదు.

మాఘమాసంలో ఒక రాత్రి సార్ మందు కోసం చిత్తూరు పోయినాడు. ఆ రాత్రి ఆయమ్మ చానాసేపు కూర్చొని ఏదో కొట్టింది. కోడి కూసే పొద్దుకి పోయింది.

వచ్చిన ఆడోళ్లు పీనుగ తలకాడ దీపం పెట్టల్లన్నారు. పీట కనపడలా. మంచం పక్కన స్టూలు మింద ల్యాప్‌టాప్ ఉండె. వరదమ్మే దాని మూత మూసి, దాని మిందనే దీపం పెట్టేసింది. సార్ వచ్చేసరికి... మూత మూసుండాది. నూనె కారి మూత అంచు దాకా వచ్చుండాది.

"ఆమె కొట్టిన మాటలు దాంట్లోనే ఉండాయప్పా," అన్నాడు సార్. "నిద్రలో ఉండాయి. లేపితే చస్తాయి. లేపకపోతే... కరెంటు ఉన్నన్నాళ్లు ఉంటాయి. దానికని కారు బ్యాటరీ ఒకటి తగిలించినాను. ఐదు నెలలైంది. లేపే మార్గం ఏదన్నా ఉందా?"

లోకేష్ కాగితం తీసి ల్యాప్‌టాప్ రకం రాసుకున్నాడు. రోగానికి మందు వాడికి తెలుసు. కానీ ఆ మందు మేలుకున్న మిషన్‌కి వెయ్యల్ల, నిద్రపోయేదానికి వేసేది కాదు. అయినా వాడు మొండోడు. అదే రకం పాత ల్యాప్‌టాప్ తిరుపతి నుంచి తెప్పించి, దాన్ని పండబెట్టడం, లేపడం... పండబెట్టడం, లేపడం. పన్నెండు దినాలు. నేను చూస్తా ఉంటి. "ఒరే, పసిబిడ్డనైనా అన్నిసార్లు లేపరు కదరా!" అంటే మళ్లా మూత మూస్తాడు.

పదమూడోనాడు అరిచినాడు. బయట ఇంకో తెర తగిలించి, అప్పుడు మూత తీస్తే, చావకుండా లేస్తాండాది! పదిసార్లు లేపితే తొమ్మిదిసార్లు లేచింది.

సార్‌కి ఫోన్ చేసినాడు.  సార్ "రాత్రి రా అప్పా," అన్నాడు. "పగలు కరెంటు పోతా వస్తా ఉంటాది. పది దాటితే నిలకడగా ఉంటాది."

అట్లా వాడు పాత లావు మానిటర్‌ని మోపెడ్ ఎనక గోనెసంచిలో కట్టుకొని, రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరినాడు.

హైవే దిగేదాకా బాగానే ఉండె. మట్టిదోవలో దిగినాక... ఒక్క మనిషి లేడు. ఒక్క కుక్క అరవలా. టెంకల దిబ్బ నల్లగా, ఎత్తుగా. దాని మిందంతా మొలిచిన మామిడి మొలకలు గాలికి ఊగతా, గుసగుసలాడతా ఉండాయి. కుళ్లిన టెంకల వాసన ముక్కు పగలగొడతాండాది.

మోపెడ్ ఆగిపోయింది.

తన్నినాడు. తన్నినాడు. అంటుకోలా. తలెత్తి చూస్తే ఎదురుగా కిటికీ... కిటికీలో దీపం. ఎలిగింది... ఆరింది... ఎలిగింది.

అది ఏం దీపమో వాడికి తెలుసు, నిద్రపోయే ల్యాప్‌టాప్ అంచున ఎలిగి ఆరే దీపం. పన్నెండు దినాలు అంగట్లో అదే దీపాన్ని చూసినోడు! అయినా కిటికీ మింది నుంచి చూపు తిప్పుకోలేకపోయినాడంట. చూస్తా చూస్తా తన ఊపిరి కూడా ఆ దీపంతోబాటే లేచి పడతా ఉండాదని అప్పుడు తెలిసింది. బండి అక్కడనే పడేసి, మానిటర్ బుజానికెత్తుకొని పోయినాడు.

తట్టకముందే తలుపు తెరుచుకుంది. వరదమ్మ. ఎముకల గూడు.

"వచ్చినావా నాయనా..." గుసగుసగా అనింది. లేపితే ఎవరో లేస్తారన్నట్టు.

లోపల గది. స్టూలు మింద ల్యాప్‌టాప్, మూత మింద దీపం పెట్టిన నూనె మరక. దాని చుట్టూ పసుపుదారం కట్టి, ముళ్లేసి ఉండాది. పుత్తూరులో ఇరిగిన చెయ్యికి కట్టిన కట్టుని గడువు దాకా ఎవరూ ఇప్పకూడదు కదా, అట్లా ఉండె దాని వాలకం.

"ఇంకో ప్లగ్గు కావల్ల సార్."

"పెరట్లో పెట్టెలో ఉండాది, తెస్తా ఉండప్పా." సార్ లాంతరు ఎత్తుకొని పోయినాడు.

ఆయన అడుగుల సద్దు దూరమైందో లేదో, ముసలామె లోకేష్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డ.

"నాయనా... దాంట్లో ఏమీ లేదు."

"ఏందవ్వా?"

"మామిడికాయల కాలంలో గాలీవాన కొట్టె కదా... స్తంభాలు పడిపోయినాయి. మూడు దినాలు కరెంటు లేదు. వాడు బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించుకొస్తానని పోయి, వాగు పొంగి ఆ రాత్రి రాలేకపోయినాడు. నేను దీపాన్నే చూస్తా కూర్చున్నా. తెల్లారుజామున... ఆరిపోయింది నాయనా. నా కండ్ల ముందరే. రెండోతూరి చచ్చిపోయింది నా కోడలు."

లోకేష్ తలుపు దిక్కు చూసినాడు.

"పొద్దున్నే కరెంటు వచ్చింది. వాడు వచ్చి చూస్తే ఏమైపోతాడో అని... దారం ఇప్పి, మూత తీసి, కోడలు నొక్కే గుండ్రం బొత్తాం నొక్కినా. ఎలిగింది. ఏందో బొమ్మ వచ్చింది. మూత మూసేసినా. మళ్లా దీపం ఊపిరి తీసింది. మళ్లా కట్టేసినా. వాడికి తెలీదు. చెప్పొద్దు నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా."

"అవ్వా, అట్ల అనొద్దవ్వా..."

"మూత మూసిందీ నేనే. పోయే రాత్రి కోడలు తెరని నా పక్కకి తిప్పి సూపించింది... సదవమని. నాలుగు వరసలు. కడాన ఒకటి చిన్నది. నా మొకమే చూస్తా ఉండె. నాకు సదువు రాదు కదా నాయనా! తల ఊపినా. అంతే. తల ఊపినా."

సార్ అడుగులు మళ్లా దగ్గరకొచ్చినాయి. ముసలామె గోడకానుకొని నిలబడిపోయింది.

లోకేష్ ఇట్లా ఆలోచించినాడంట: లేపితే మిషన్ లేస్తాది. పదికి తొమ్మిది పాళ్లు లేస్తాది. లేస్తే తెర మింద బొమ్మ తప్ప ఒక్క అక్షరం ఉండదు. అప్పుడు ఈయన ఏమనుకుంటాడు? నా పెండ్లాం నాకు ఏమీ చెప్పలేదనుకుంటాడు. లేదా... అమ్మ వైపు చూస్తాడు.

సార్ దారం ఇప్పినాడు. లోకేష్ మానిటర్ తీగ ఎత్తుకొని, ల్యాప్‌టాప్ ఎనక దూర్చినట్టు దూర్చి... దూర్చలా. వదులుగా వదిలేసినాడు.

"నీలం తెర రావాలని మొట్టమొదటిసారి దేవుడికి మొక్కినానన్నా," అన్నాడు నాతో.

మూత తీసినాడు.

ఒక్క క్షణం చీకటి... తర్వాత గదంతా నీలం. సార్ మొకం నీలం, గోడ నీలం, ముసలామె తెల్ల జుట్టు నీలం. తెల్ల అక్షరాలు పరిగెత్తినాయి. ఆగినాయి. ఊపిరి దీపం లేదింక.

"పోయింది సార్," అన్నాడు లోకేష్. "నా చేత కాలేదు. తప్పు నాదే."

సార్ ఏడవలా. అరవలా. వాళ్లమ్మ దిక్కు తిరిగి, "విన్నావా అమ్మా? మిషన్‌దే లోపం. ఎవరు మూసినా, ఎవరు తెరిచినా ఇంతేనంట. అంతేనా అప్పా?"

"అంతే అవ్వా. కంపెనీ నుంచి వచ్చిన లోపమే. నువ్వు మూసినందుకు కాదు."

ముసలామె తల ఊపింది. అంతే, తల ఊపింది. లోకేష్ తీగ చుట్టి మానిటర్ ఎత్తుకున్నాడు.

టార్చి ఎత్తుకొని సార్ దోవ దాకా సాగనంపినాడు. టెంకల దిబ్బ కాడికి వచ్చినాక నిలబడినాడు.

"తీగ వదులుగా పెట్టినావు కదప్పా."

లోకేష్ మానిటర్‌ని కింద దించినాడు.

"చూసినా లే. మంచి పనే చేసినావు." సార్ గొంతు చాలా మెల్లగా ఉండె. "నేను దారానికి ఎప్పుడూ రెండు ముళ్లేస్తాను. గాలీవాన అయినాక ఇంటికొచ్చి చూస్తే... మూడు ముళ్లుండాయి. మా అమ్మ పెరుగుదుత్తకైనా, బియ్యం మూటకైనా మూడేస్తాది. ఆ పొద్దే తెలుసప్పా నాకు. దాంట్లో ఏమీ లేదని."

"మరి... నన్నెందుకు పిలిపించినారు సార్?"

"మాఘమాసం నుంచి ఆమె పండుకోలా. దీపానికి కాపలా కాస్తా కూర్చుంటాది. పోగొట్టింది తాను కాదని బయటోడు ఎవడన్నా చెప్తే వింటాదేమో అని... నాకు తెలిసినట్టు ఆమెకి చెప్పొద్దు."

ఇద్దరికీ మాటిచ్చి వచ్చినాడు వాడు. మోపెడ్ ఈసారి ఒక్క తన్నుకే అంటుకుందంట.

వారానికి పాలోళ్లు మళ్లా చెప్పుకోవడం మొదలుపెట్టినారు: టెంకల దిబ్బ కాడ దీపం ఊపిరి తీస్తాండాదని. లోకేష్ ఉండబట్టలేక సార్‌కి ఫోన్ చేసినాడు. నేను పక్కనే ఉంటి, స్పీకర్‌లో విన్నా.

"ఏం సార్, మళ్లా ఎలిగించినారా?"

"నేను కాదప్పా. పొద్దున లేచి చూస్తే ఎలగతా ఉండాది. దారం కట్టి ఉండాది... మూడు ముళ్లు." మళ్లా అన్నాడు, "రాత్రి నేను కూడా దాని ఎదురుగానే కూర్చున్నా. ఆర్పేదానికి చెయ్యి రాలా."