రోనా పాడిన వేసవి

శనివారం పొద్దున రేవు పట్టణం గ్రీనొక్‌లో ఎప్పటిలాగే వాన. నెట్టా పెనం మీద బంగాళాదుంప రొట్టెలు తిప్పుతూ, కూతురి వైపు చూడకుండానే అంది.

"నీ నవల చదివేశాను."

కిర్‌స్టీ టీ కప్పు కింద పెట్టింది. నలభై ఏడేళ్ళ వయసు, ఐదు నవలలు రాసిన అనుభవం, అయినా అమ్మ ముందు పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే పిల్లలా అయిపోయింది. ఆ మధ్యాహ్నమే ఊరి లైబ్రరీలో ఆ నవల మీద చర్చ.

"ఎలా ఉంది?"

"షెడ్డులో నువ్వూ రోనా చేసిన గోల మళ్ళీ వినిపించింది. నీ డ్రమ్ముల దెబ్బకి పక్కింటి కుక్క ఇల్లొదిలి పారిపోయింది కదా, అదెందుకు రాయలేదు?"

కిర్‌స్టీకి నవ్వొచ్చింది. తొంభై మూడు వేసవి. తనకీ స్నేహితురాలు రోనాకీ పదహారేళ్ళు, పెరటి షెడ్డులో ఇద్దరిదే ఒక బ్యాండ్. రోనా పడవల టైంటేబుల్ కాగితాల వెనక పాటలు రాసేది. పాడి, పాత టేప్‌రికార్డర్‌లో నింపి, క్యాసెట్ అట్టల మీద బొమ్మలు తామే గీసేవాళ్ళు. రెండు పాటల మధ్య ఒక సాయంత్రం రోనా తనని ముద్దు పెట్టుకుంది. ఆ క్షణంలోనే షెడ్డు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నాన్న. మర్నాడు రోనా వాళ్ళింటికి ఎవరో ఫోన్ చేశారు. వారం తిరక్కుండా ఆ పిల్లని ఎక్కడో దూరాన ఇన్వర్‌నెస్‌లో అత్త దగ్గరికి పంపేశారు.

"ఆ ఫోన్ చేసింది మీ నాన్నేనని ఎందుకే రాశావు?"

"ఉన్నదే రాశానమ్మా. తలుపు తీసింది ఆయనేగా."

"తీశాడు, మళ్ళీ వేశాడు. ఇంట్లోకొచ్చి నాతో, పిల్లలు సంతోషంగా ఉన్నారు, వాళ్ళ జోలికి పోకు అన్నాడు. ఫోన్ చేసింది నేను."

పెనం మీద రొట్టె మాడుతోంది.

"నేను ఇరవై ఏళ్ళు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు," అంది కిర్‌స్టీ. "ఆయన పోయేదాకా. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"చెప్పేస్తానంటే ఆయనే వద్దన్నాడు. పిల్లకి అమ్మైనా మిగలాలి అన్నాడు. ఆ మాట చాటున దాక్కున్నాను."

కిర్‌స్టీ కోటు తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది.

లైబ్రరీలో నలభై మంది దాకా వచ్చారు. నెట్టా ఆలస్యంగా వచ్చి, తడిసిన కోటుతోనే వెనక వరసలో కూర్చుంది. తమ బ్యాండ్ గురించి, రోనా గొంతు గురించి కిర్‌స్టీ చెబుతుంటే జనం నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. చివర్లో జుట్టుకి నీలం రంగేసుకున్న ఒకమ్మాయి లేచింది.

"నవల్లో తండ్రి ఫోన్ చేస్తాడు కదా. నిజజీవితంలో ఆయన్ని క్షమించారా?"

కిర్‌స్టీ చేతిలోని పుస్తకం మూసేసింది. "మా నాన్న ఆ పని చేయలేదు. ఆ సంగతి ఈ పొద్దునే తెలిసింది. నేను తప్పు రాశాను."

"మరి ఎవరు చేశారు?"

కిర్‌స్టీ తల దించుకుంది. చెప్పదలచుకోలేదు. వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేను," అంది నెట్టా. "తన అమ్మని. ఊళ్ళో ఏమంటారో అని భయపడ్డాను. ఇద్దరు పిల్లల్ని ఏడిపించాను, ఒక మంచి మనిషి మీద నింద పడనిచ్చాను."

డెబ్బై ఆరేళ్ళ మనిషి ముందున్న కుర్చీ పట్టుకుని నిలబడింది. కిర్‌స్టీ వేదిక దిగి వెళ్ళి, ఆమెను కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది.

"కోపం పోలేదమ్మా."

"పోవాలని అడగను. మీ నాన్న గురించి ఏం కావాలో అడుగు, చెప్తాను."

కిర్‌స్టీ అమ్మ వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ అడగని ప్రశ్న ఒకటే మిగిలింది.

"మా పాటలు ఆయనకి నచ్చేవా?"

"నచ్చడమా? ఓడల యార్డులో పని ముగించుకుని వచ్చి తిన్నగా షెడ్డు వెనక గోడకి ఆనుకుని నిలబడేవాడు. టీ చల్లారిపోతోందని పిలిస్తే, ఇంకొక్క పాట, ఇంకొక్క పాట అనేవాడు."

కిర్‌స్టీ అమ్మ తడి కోటులో మొహం దాచుకుని ఏడ్చింది.