మూగబోయిన ఫిడేలు

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కకు నెట్టి స్క్రూ డ్రైవర్ అందుకున్నాడు జడ్సన్. బిట్రగుంట రైల్వేలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎవరి పాత రేడియో గరగరలాడినా, వాకిట్లో నిలబడి విని లోపల ఏ సామాను పోయిందో చెప్పేస్తాడని కాలనీలో పేరు.

అంతటి చెయ్యికి సొంత వాల్వు యాంప్లిఫయరు రెండు నెలలుగా లొంగడం లేదు. రికార్డు పెడితే పాట వస్తుంది, తబలా వస్తుంది. ఫిడేలు పై స్వరానికి ఎక్కేసరికి మాత్రం గొంతు పట్టేస్తుంది. కెపాసిటర్లు మార్చాడు. వాల్వులు మార్చాడు. రికార్డు మీద ఆడే ముల్లు కూడా కొత్తది వేశాడు. మొదట తప్పు సముద్రపు ఉప్పుగాలి మీదికి నెట్టాడు. గాలిని ఎంతసేపని తిడతాం? తర్వాత కోడలు అనూష దొరికింది. ఆ పెట్టె మీద దుమ్ము ఒక్కసారి తడిగుడ్డతో తుడిచిన పాపం ఆమెది.

ఆ రోజు మరో కెపాసిటర్ అతికించి, రికార్డు పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ అదే వరస. కోపం నషాళానికి అంటింది.

"అమ్మాయ్! నిజం చెప్పు. ఆ పొద్దు తడిగుడ్డ ఏడేడ పెట్టినావు?"

"పైన మాత్రమే తుడిచినాను మామా."

"పైన తుడిస్తే నీళ్లు లోపలికి దిగవా? నలభై ఏళ్లు కాపాడుకున్నా. నీ చెయ్యి పడింది, దాని గొంతు పోయింది. ఇంక ఈ గదిలో అడుగు పెట్టబాక!"

అనూష కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. రెండు నెలలుగా ఇదే తంతు. పోర్టు డ్యూటీ నుంచి వచ్చే మొగుడికి కూడా ఒక్క మాట చెప్పుకోలేదు, పిచ్చిపిల్ల.

వంటింట్లోంచి ఆయన భార్య పేరమ్మ విసురుగా వచ్చింది.

"చాల్లేవయ్యా! ఇంక నేను చూడలేను."

"వద్దత్తా!" అంటూ అనూష ఆమె చెయ్యి పట్టుకుంది.

పేరమ్మ విదిలించుకుని, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి నిలబడింది.

"ఈడికి రా. ఒక నిమిషం ఆగి విను. ఏమన్నా వినపడతా ఉందా?"

"ఏంది వినపడేది?"

"తలుపు మూయలేదని అది కీచుకీచుమని అరస్తా ఉంది! రోజూ నువ్వు తెరిచిపెట్టి పోతావు. ఈ పిల్ల పరిగెత్తుకొచ్చి మూస్తా ఉంది. నీ పెట్టెకేం కాలేదయ్యా. సన్నటి శబ్దాలు నీ చెవికే ఆనడంలా."

జడ్సన్ నమ్మలేదు. వంగి తలుపుకు చెవి ఆనించాడు. కింద మోటారు గుర్రుమంటోంది, అంతే. తల తిప్పి చూస్తే, కోడలు ఆ కీచు భరించలేక కళ్లు చిట్లించుకుని ఉంది. అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు మామా."

"మరి తిట్లు ఎందుకు తిన్నావు?"

"విని రోగం చెప్పే మనిషి మీరు. మీ చెవుల్లోనే లోపం ఉందని నా నోటితో ఎట్ట చెప్పేది? తప్పు నా తడిగుడ్డ మీదికి పోతే పోనీలే అనుకున్నా."

జడ్సన్‌కు దుఃఖం ఆగలేదు. తన పేరు నిలబెట్టడానికి ఈ పిల్ల చెడ్డపేరు మోసింది. తనేమో ముల్లును మార్చాడు, వాల్వును మార్చాడు, ఒక్కసారైనా తన మీద అనుమానపడలేదు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు, ముఖం తువ్వాల్లో దాచుకుని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనే కోడల్ని గదిలోకి పిలిచాడు.

"రేపు నెల్లూరు పోయి చెవులు చూపించుకుంటాలే. ముందు ఇట్ట కూర్చో. ఫిడేలు రావడం లేదని, సన్నటి శబ్దాలు పెంచే ట్రెబుల్ మర చివరికంటా తిప్పిపెట్టి ఉండా. మీ చెవులు ఏమైపోయినాయో!"

"మీరు రికార్డు పెడితే పక్కింటి కుక్క లేచి పోతా ఉండె మామా."

అంత బాధలోనూ ఆయనకు నవ్వొచ్చింది.

"తిప్పు. నువ్వే తిప్పు."

అనూష భయంభయంగా మరను వెనక్కి తిప్పసాగింది. జడ్సన్ పెట్టె వైపు చూడలేదు. ఆమె ముఖమే చూస్తున్నాడు. ముడిపడిన కనుబొమలు విడి, పెదవుల మీదికి మెల్లగా నవ్వు వచ్చింది.

"ఆడ ఆపు," అన్నాడు. "ఇప్పుడు సరిగా ఉంది."

ఫిడేలు పైకి ఎక్కింది. అది ఆయనకు వినపడలేదు. కోడలి ముఖం చూస్తూ, రికార్డు అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.