కవరు విప్పకముందు

రోజుకు నాలుగుసార్లు నన్ను ఆటపట్టించే పిల్ల ఉన్నట్టుండి నోటికి తాళం వేసుకుంది. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ల్యాబ్‌లో నా పని ముద్దలు లెక్కపెట్టడం. తినే ముద్దలు కావు. వంశపారంపర్యంగా వచ్చే ఒక మెదడు జబ్బులో ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకుని కణాల్లో ముద్దకడతాయి. అలా కట్టకుండా ఆపే మందును మేం పరీక్షిస్తున్నాం. సగం ట్రేలలో మందు, సగంలో ఉత్త ద్రావణం. ఏది ఏదో లెక్కపెట్టే నాకు తెలియకూడదు. ట్రేలకు నంబర్లు వేసి, ఆ జాబితాను కవరులో పెట్టి సీలు వేసేది ఆ అమ్మాయే. అందరం ఆమెను "సీలు మేడమ్" అంటాం.

సీలు వేసిన రోజు నుంచే ఈ మౌనవ్రతం. ఎదురుపడితే తల దించుకునేది. జోరువానలో గొడుగు పట్టి పిలిస్తే, తడుస్తూనే వెళ్లిపోయింది. నేనేం పాపం చేశాను?

ఉండబట్టలేక లెక్కల షీటులో రిమార్కుల గడిలో రాశాను: "నా మీద కోపమా?"

మర్నాడు దాని మీద ఎర్ర గీత. పక్కనే, "లెక్కకు సంబంధం లేనివి రాయరాదు." కింద బుల్లి నవ్వుబొమ్మ!

కోపమైతే నవ్వెందుకు? నవ్వైతే గీతెందుకు? నా బుర్ర వేడెక్కిపోయింది.

మూడోవారం చివరి ట్రే ముగించి సంతకం పెట్టానో లేదో, ఆమె వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుంది.

"హమ్మయ్య! ఇక మాట్లాడొచ్చు."

"ఇన్నాళ్లూ ఏమైంది తల్లీ?"

"నా మొహంలో ఏదీ దాగదు. ఏ ట్రేలో మందుందో నువ్వు పసిగడితే మన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే నా మొహమే చూస్తూ కూర్చునేవాడివి."

అది నిజమే.

కవరు చింపింది. మందు వేసిన ట్రేలలో ముద్దలు మూడోవంతు తక్కువ! ఎగిరి గంతేయబోయి ఆగాను. ఆమె ఏడుస్తోంది.

"మా నాన్నకి ఈ జబ్బే. నాకూ రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. నేనే లెక్కపెడితే ఆశకొద్దీ తక్కువ కనిపిస్తాయని నీకిచ్చాను. ఇది మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుందనీ తెలుసు. అది తేల్చే టెస్టుకి సోమవారం రక్తమిస్తున్నా."

భయమేసింది, ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది. పెన్ను తీసి ఆ ఎర్ర గీత కింద రాశాను: "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"పిచ్చా నీకు? రిజల్ట్ వచ్చాక అడుగు."

"కవరు విప్పాక అడిగితే చెల్లదు. రూలు నీదే."

ఆమె కళ్లు తుడుచుకుని ఎర్ర పెన్ను అందుకుంది. మళ్లీ గీతేననుకున్నాను.

గీత కొట్టలేదు. కింద సంతకం పెట్టింది.