ఎడంచేతి గీత

ఆ మ్యూజియంలో రాతిబొమ్మల హాలుకి తొమ్మిది రోజుల్లో చెడ్డపేరు వచ్చేసింది. తొంభై ఏళ్ళు మంచిపేరుతో ఉన్న హాలు! పేరు పోవడానికి ఎంతసేపు కనక.

దీపాలు ఆర్పాక లోపల ఉలి చప్పుడు. టక్… టక్… ఆ తర్వాత — ఉఫ్. మళ్ళీ టక్… టక్… ఉఫ్.

తాళం తీసి చూస్తే మనిషి ఉండడు. దేశదేశాల బొమ్మలుంటాయి, అంతే — ముక్కు విరిగిన రాజు, చేతుల్లేని ఆడమనిషి, రెక్కల సింహం. ఊడ్చే అమ్మాయి పని మానేసింది. వాచ్‌మన్ కుర్చీ రోజుకో అడుగు చొప్పున గేటు దాకా జరిగింది.

సంగతి పెద్దశిల్పి చెవిన పడింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. సంతకం చెయ్యడం రాదు, పంతం వదలడమూ రాదు.

ఆ హాల్లో బస్తా మోసే మనిషి బొమ్మ ఒకటుంది. చెక్కింది ఆయనే, నలభై ఏళ్ళ కిందట. ఆఖరి వారం జ్వరంతో మంచాన పడి, నునుపు చేసే పని తన దగ్గరే పని నేర్చుకున్న బావమరిదికి అప్పగించాడు. వాడిది ఎడంచేతి వాటం, అందరూ ఎడంచెయ్యి అనే పిలిచేవాళ్ళు. వాడు ఆ బొమ్మ మడమ వెనక తన గుర్తు, ఓ సున్నా, చెక్కేసి, బొమ్మకొచ్చిన పతకం తన మెళ్ళో వేయించుకున్నాడు.

పెద్దశిల్పి గుర్తు కాకికాలు. మూడు గీతలు. అక్షరం రాని రాతిపనివాళ్ళు ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఇలాంటి గుర్తులే పెట్టుకున్నారు. వేలు పెట్టి తడిమితే ఆ హాలు బొమ్మల అడుగున చేపలున్నాయి, నిచ్చెనలున్నాయి. కాకికాలే లేదు.

ఆనాటి నుంచి ఆయన బావమరిది గడప తొక్కలేదు. తొమ్మిది రోజుల కిందట వాడు పోతే, అప్పుడూ తొక్కలేదు.

"చచ్చినవాడి మీద కూడా పంతమేనా?" అంది భార్య. ఒక్కగానొక్క తమ్ముడు ఆవిడకి.

"వాడు చచ్చాడు. వాడి సున్నా చావలేదుగా!"

తెల్లారితే ఆ బొమ్మ ఓడెక్కి పైదేశం పోతుంది, ఇక తిరిగి రాదు. అందుకే ఆ రాత్రి ఉలిసంచి చంకన పెట్టుకుని బయల్దేరాడు… సున్నా చెరిపి, తన కాకికాలు చెక్కడానికి.

విరిగిన బొమ్మలు అతికే పని ఆయనదే కనక వాచ్‌మన్ అడ్డు చెప్పలేదు. గొంతు మాత్రం తగ్గించాడు.

"పెద్దాయనా… పొద్దున రాకూడదూ? లోపల—"

"లోపల రాళ్ళున్నాయి. నాకు మనుషులకంటే అవే నయం. తాళం తియ్యి."

తీశాడు. తీసి, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దగ్గరికి పోయాడు.

టార్చి వెలుగు రాజు ముక్కు మీద పడింది. సింహం రెక్క మీద పడింది. ఆయన చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు…

టక్… టక్… ఉఫ్.

కాలు ఆగిపోయింది.

మనిషికో నడక ఉన్నట్టే శిల్పికో దెబ్బ ఉంటుంది. రెండు కొట్టి పొడి ఊదేవాడు ఆయన ఎరిగినంతలో ఒక్కడే, ఎడంచెయ్యి. వాడు ఇప్పుడు…

చప్పుడు బస్తా మోసేవాడి వెనక నుంచి వస్తోంది. వెళ్ళాడు. ఆగింది. ఎవరూ లేరు.

మోకాళ్ళ మీద కూచుని మడమ తడిమాడు. సున్నా లేదు. అక్కడ రాయి చదునుగా ఉంది. దాని మీద — ఒక గీత. రెండో గీత. మూడో గీత. అంచులు వేలికి గుచ్చుకున్నాయి… అంత కొత్తవి. కోత ఎడమ నుంచి కుడికి దిగింది, ఎడంచేతివాటం కోత.

చెంప మీద ఎవరో ఊదినట్టు చల్లగా తగిలింది. తుడుచుకుంటే చేతికి రాతిపొడి.

లేచి పరిగెత్తాల్సినవాడే. కానీ వేలు మళ్ళీ మూడో గీత మీదికి పోయింది. అక్కడే ఆగింది.

గీత వాలింది.

అంతే, భయం ఎటు పోయిందో పోయింది.

"ఒరేయ్… ఇదేం గీతరా?" అన్నాడు చీకట్లోకి, గుసగుసగా. "మణికట్టుతో కొట్టకు, భుజం దించు అని ఎన్నిసార్లు చెప్పాను? నా గుర్తు వంకరగా ఓడెక్కుతుందా?"

చీకట్లో ఎవరో తల దించుకున్నట్టనిపించింది.

సంచిలోంచి సన్నఉలి తీసి, తుడిచి, మడమ పక్కన పెట్టాడు. "సరిచెయ్యి. అయ్యాక తుడిచి పెట్టు. ఇది నాది."

బయటికొచ్చి వాచ్‌మన్ పక్కన మెట్టు మీద కూచున్నాడు. లోపల టక్… టక్… ఉఫ్. వాచ్‌మన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన విదిలించలేదు.

తెల్లారి కూలీలు బొమ్మని పక్కకి ఒరిగించారు. కాకికాలు నూలుతాడు పట్టి కొట్టినట్టు తిన్నగా ఉంది. మూడో గీత కూడా.

ఉలి మాత్రం పెట్టినచోటే, ఒళ్ళంతా పొడితో పడుంది.

"తుడవలేదు వెధవ," అన్నాడు పెద్దశిల్పి. "ఎప్పుడూ ఇంతే." ఉలి తీసి, తుడవకుండానే సంచిలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి గుమ్మంలోంచే అన్నాడు భార్యతో — "చెప్పులేసుకో. మీ తమ్ముడింటికి వెళ్దాం."

ఆ రాత్రి నుంచి హాల్లో చప్పుడు లేదు. పెద్దశిల్పి పనిముట్లు అద్దంలా మెరుస్తాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. సన్నఉలి ఒక్కటి తప్ప. దాన్ని ఆయన తుడవలేదు, ఇంకెవర్నీ తుడవనివ్వలేదు.