టబ్బులో ఆయిల్, ఇంజిన్లో ఆయిల్

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు. ఎండలు ముదిరాయి. రోజూ మధ్యాహ్నం కరెంటు పోతోంది.

సాయంత్రం 4.10కి స్టేషన్‌కు ఫోన్. పంపులు, జనరేటర్లు అద్దెకిచ్చే షాపులో మెకానిక్ చనిపోయాడు.

ఎస్సై వెళ్ళేసరికి 4.35. ఆయన రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. మోకాళ్ళు పీకుతున్నాయి.

జనరేటర్ పక్కన మెకానిక్ వెల్లకిలా పడున్నాడు. ఒంటిమీద దెబ్బ లేదు. గదంతా పొగ వాసన. జనరేటర్ స్విచ్ ఆన్‌లోనే ఉంది. పెట్రోలు ట్యాంకు ఖాళీ. ఇంజిన్ కింద టబ్బు, టబ్బు నిండా నల్లటి ఆయిల్. పక్కన స్పానరు, కొత్త ఆయిల్ డబ్బా.

షాపు ఓనరు మెకానిక్‌కు బావమరిది. మేడ మీదే ఇల్లు.

"ఒంటిగంటకు నేను పైకెళ్ళి పడుకున్నా సార్. బావ ఆయిల్ మారుస్తానన్నాడు. షట్టర్ దించుకుని ఇంజిన్ ఆన్ చేసినట్టున్నాడు. నాలుగింటికి దిగొచ్చి చూస్తే ఇదీ సంగతి."

"షట్టర్ ఎందుకు దించాడు?"

"మోత వింటే పక్క షాపు టైలర్ మీదికొస్తాడు సార్."

కానిస్టేబుల్ కాగితం మీద 'మూసిన గదిలో ఇంజిన్ పొగ పీల్చి మృతి' అని రాసి, పక్కన 'అజాగ్రత్త' అని చేర్చాడు.

మెకానిక్ భార్య అప్పుడే వచ్చింది. ఏడవలేదు. కాగితం వైపు చూసింది.

"ఆ మాట కొట్టేయండి బాబూ. ఇరవై రెండేళ్ళు ఇంజిన్లతోనే బతికాడు. షట్టర్ సగం దించి ఉన్నా తాడు లాగి ఇంజిన్ స్టార్ట్ చేసేవాడు కాదు. చేతకాక చచ్చాడని రాస్తే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది?"

"ఎవరి మీదైనా అనుమానముందా అమ్మా?"

"ఎవరి మీదా లేదు. ఆయన మీద మాత్రం తొయ్యకండి."

ఎస్సై నిట్టూర్చాడు. షాపుకు సీలు వేయించాడు.

మర్నాడు ఉదయం 10.00కి ఓనరునీ, మెకానిక్ భార్యనీ, పక్క షాపు టైలర్‌నీ అక్కడికే పిలిచాడు. ఒక స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

"టైలర్ గారూ, నిన్న మోత ఎప్పుడు మొదలైంది?"

"కరెంటు పోగానే సార్. 1.40."

"ఎప్పుడు ఆగింది?"

"మూడున్నర దాటాక."

"మధ్యలో ఆగిందా?"

"ఆగితే నా ప్రాణం కుదుటపడేది కదా! పైగా వీళ్ళ మేడ మీది కూలర్ నీళ్ళు నా రేకు మీద టపటపా పడుతూనే ఉన్నాయి."

"కరెంటు లేకుండా కూలర్ తిరిగిందా?"

టైలర్ జనరేటర్ వైపు చూశాడు. ఓనరు తల దించుకున్నాడు.

ఎస్సై మెకానిక్ భార్య వైపు తిరిగాడు. "అమ్మా, ఆయిల్ ఎలా మారుస్తారు?"

"ఇంజిన్ ఐదు నిమిషాలు తిప్పాలి. వేడెక్కితే మడ్డి కదులుతుంది. ఆపేశాక కింద బోల్టు విప్పి దింపుకోవాలి."

"లోపల ఆయిల్ ఎంతుందో ఎలా చూస్తారు?"

ఆమె ముందుకొచ్చింది. జనరేటర్‌ను సమంగా జరిపింది. మూత తిప్పి, దానికున్న కొలత పుల్ల బయటికి తీసింది. కొంగుతో తుడిచింది. బిగించకుండా ఊరికే ఆనించి, మళ్ళీ తీసింది.

పై గీత దాకా ఆయిల్. నల్లగా.

ఆమె పుల్లను ఎస్సైకి చూపించింది.

"టబ్బు నిండా పాత ఆయిల్," అన్నాడు ఎస్సై. "ఇంజిన్ నిండా కూడా పాత ఆయిలే. కొత్త డబ్బా సీలు విప్పలేదు. బోల్టు మీద దుమ్ము చెదరలేదు. నిన్న టబ్బు చూసి మేమూ సరిపెట్టుకున్నాం. పుల్ల తీసి చూడలేదు. ఈ ఇంజిన్లోంచి ఒక్క చుక్క కూడా దిగలేదు. మరి టబ్బులోకి ఎక్కణ్ణించి వచ్చింది?"

ఓనరు మూలనున్న డ్రమ్ము వైపు చెయ్యి చూపించాడు. "పాత ఆయిల్ డ్రమ్ములోంచి పోశాను."

"జనరేటర్ ఎవరు ఆన్ చేశారు?"

"నేనే. కూలర్ కోసం. బావ ఇంటికెళ్ళాడనుకున్నా. టైలర్ అరుస్తాడని షట్టర్ దించి పైకెళ్ళిపోయా. బావ ఆ పంపుల వెనక గోనెపట్టా మీద పడుకున్నాడని నాకు తెలీదు సార్. ఒట్టు."

"షట్టర్ దించేముందు లోపల చూశావా?"

"చూడలేదు."

"దిగొచ్చాక?"

"భయమేసింది. ఇక్కడికి లాక్కొచ్చి టబ్బు పెట్టా. అక్కా, నన్ను క్షమించు..."

ఆమె పుల్లను తిరిగి పెట్టి మూత బిగించింది.

"ఇంజిన్ మోత ఆయనకి జోలపాటరా. దానికి లేవడు. 'బావా' అని ఒక్క కేక వేసుంటే లేచి కూర్చునేవాడు."

ఎస్సై కానిస్టేబుల్ చేతిలోని కాగితం తీసుకుని ఆ మాట తనే కొట్టేశాడు. ఓనరును జీపెక్కించారు.

మర్నాడు ఉదయం 7.30కి ఎస్సై స్టేషన్‌కు వచ్చాడు. టీ తాగలేదు. కిటికీ లేని రికార్డు రూములో స్టేషన్ జనరేటర్ ఉంది. దాన్ని ఒక్కడే ఈడ్చుకుంటూ వరండా చివరకు తెచ్చాడు.

"సార్, అక్కడైతే వానకి తడుస్తుంది," అన్నాడు కానిస్టేబుల్.

"తడవనీ," అన్నాడు ఎస్సై.